హమ్మింగ్ బర్డ్ కాదు మహాప్రభో!

ఆసియా ఖండంలో హమ్మింగ్ బర్డ్ లేదు. హిమాలయాల్లో లేదు, నల్లమలలో లేదు, మీ బాల్కనీలోని మందారం మీద అసలే లేదు. మూడు వందలకు పైబడిన ఆ పక్షి జాతులన్నీ ఉత్తరాన అలాస్కా మొదలు దక్షిణాన టియెర్రా దెల్ ఫ్యూగో దాకా, అమెరికా ఖండాలను విడిచి ఎక్కడా కాపురం చెయ్యవు. (జర్మనీలో సుమారు మూడు కోట్ల యేళ్ళనాటి హమ్మింగ్ బర్డ్ శిలాజాలు దొరికాయనీ, 2004లో వాటిని లోకానికి వెల్లడించారనీ అందుకోబోయే పండితులకు ఒక దండం. మనం మాట్లాడుతున్నది నిన్న సాయంత్రం నూరువరహాల పొద దగ్గర కనబడినదాని గురించి.)

అయినా సరే, ప్రతి యేడూ తొలకరి పడి పూలు విచ్చుకోగానే మనవాళ్ళలో ఎవరో ఒకరు ఒక వీడియో పట్టుకుని వస్తారు. "మా పెరట్లో హమ్మింగ్ బర్డ్!" అని ఒక కేక. వెంటనే అభినందనల జల్లు. "అదృష్టవంతులండీ" అని ఒకరు, "ప్రకృతి ఎంత విచిత్రమో" అని ఇంకొకరు. ఆరు కాళ్ళూ, రెండు మీసాలూ స్పష్టంగా కనబడుతున్న పక్షిని చూసి అంతమందిలో ఒక్కరికీ అనుమానం రాకపోవడం కంటే విచిత్రం ఇంకేముంది?

ఆ కనబడేది ఏమిటో ముందే చెప్పేస్తాను. మన తోటల్లో పూవు ముందు గాలిలో నిలబడి తేనె తాగే ఆ జీవి చాలాసార్లు హాక్ మాత్ అనే చిమ్మటల కుటుంబానికి చెందినది. వాటిలో రెక్కలు గాజుపలకల్లా అవతలి ఆకుల్ని చూపించే రకం ఒకటుంది. రెక్కలు చాచితే రెండు మూడు అంగుళాలు. బొటనవేలంత బలిసిన ఒళ్ళు, వీపున ఆకుపచ్చని నూగు, నడుముకు ఇటుకరంగు పట్టీ, తోక చివర విసనకర్రలా విప్పే నల్లని కుచ్చు. దాని శాస్త్రీయ నామం సెఫొనోడిస్ హైలస్. 1771లో లిన్నేయస్ పెట్టిన పేరు. హైలస్ అంటే గ్రీకు పురాణంలో హెర్క్యులిస్ వెంట తిరిగే అందగాడైన కుర్రవాడు. నీళ్ళకోసం ఊటకు వెళ్ళి, జలకన్యల కంటబడి, వాళ్ళతోపాటే నీళ్ళలోకి మాయమైపోయాడు. కళ్ళముందు ఉండి మరుక్షణం లేకుండాపోయే ఈ పురుగుకు ఆ పేరు భలే కుదిరింది.

పక్షి అని పొరబడినవాళ్ళతో నాకు పెద్ద తగాదా లేదు. నిజంగా చూసినవాళ్ళు వాళ్ళే. పేరు తప్పు చెప్పారు, అంతే. నాకు కోపం తెప్పించేది "పేరేదైతేనేమండీ, అందం ఆస్వాదించడం చాలదా?" అనే సాహితీమిత్రుల ధోరణి. పెళ్ళికి వెళ్ళి విందు ఆరగించి వచ్చిన పెద్దమనిషిని "పెళ్ళికూతురు పేరేమిటండీ?" అని అడిగితే "పేరుతో ఏం పని, వంకాయకూర అమోఘం" అన్నట్టుంటుంది. మల్లెకూ విరజాజికీ తేడా తెలియని కవిని మనం పంక్తిలో కూర్చోనిస్తామా? పూల దగ్గర అంత నిష్ఠ పాటించే సాహిత్యజీవులు పురుగుల దగ్గరికి వచ్చేసరికి తుమ్మెద, సీతాకోకచిలుక, శలభం అనే మూడు మాటలతో సంసారం గడిపేస్తున్నారు.

ఆ శలభం సంగతే చూడండి. సంస్కృతంలో ఆ మాట మిడతకూ చెల్లుతుంది, దీపానికి వచ్చే పురుగుకూ చెల్లుతుంది. మన కవిత్వంలో దానికి ఒక్కటే ఉద్యోగం: రాత్రిపూట దీపం మీద పడి చావడం. ప్రేమికుడికి ఉపమానం కావాలన్నా అదే, మూర్ఖుడికి కావాలన్నా అదే. మరి మిట్టమధ్యాహ్నపు ఎండలో, దీపంతో నిమిత్తం లేకుండా, పూవునుంచి పూవుకు బాణంలా దూసుకుపోయే శలభాన్ని ఏ ఉపమానంలో ఇరికిస్తారు? ఉన్న మాటలో ఒదగలేదు కాబట్టే దానికి పరదేశపు పక్షి పేరు తగిలించారని నా నమ్మకం. చిమ్మట అన్న తెలుగు మాట కూడా ఈ విషయంలో మనకు పెద్దగా సాయపడదు. కొందరికి చిమ్మటంటే పట్టుచీరలు కొరికేది. ఇంకొందరికి రాత్రంతా చెవిలో కీచుమనేది.

సరే, గుర్తుపట్టడం ఎలాగో చూద్దాం. ఇది పండితులకే తెలిసే బ్రహ్మవిద్య కాదు. పక్షికి ముక్కు చుట్టుకోదు. దీని తొండం, పని అయిపోగానే గడియారపు స్ప్రింగులా గడ్డం కిందకు చుట్టుకుపోతుంది. తేనెటీగా, తుమ్మెదా పూవు మీద వాలి, కాళ్ళతో పట్టుకుని, తల లోపలికి దూర్చి తాగుతాయి. ఇది ఎదుట గాలిలో నిలుస్తుంది, ఒక్కో పూవు దగ్గర ఒకటి రెండు క్షణాలు, అంతే. మీసాలు చివరికి పోయేకొద్దీ లావెక్కుతాయి. ఇంతవరకూ మామూలు కంటికి అందే లక్షణాలే.

అద్దంలాంటి రెక్కలు కనబడగానే నిర్ణయానికి వచ్చెయ్యకూడదు. గాజురెక్కలు చిమ్మటల్లో ఒకే కుటుంబం సొత్తు కావు. సెసియిడే అనే మరో కుటుంబం ఉంది. ఇంగ్లీషువాళ్ళు క్లియర్‌వింగ్ అని ప్రత్యేకించి పిలిచేది వాటినే. అవి సన్నగా, నాజూగ్గా, ఒంటినిండా పసుపూ నలుపూ పట్టీలతో అచ్చం కందిరీగల్లా ఉంటాయి. కుట్టవు, ముల్లు లేదు. కుట్టేదాని వేషం మాత్రం కట్టాయి. రుచిగల ప్రాణి చేదుప్రాణి రూపం ధరించి శత్రువును మోసం చేస్తుందన్న సిద్ధాంతాన్ని 1862లో అమెజాన్ అడవుల సీతాకోకచిలుకలను ఆధారం చేసుకుని హెన్రీ వాల్టర్ బేట్స్ వెలువరించాడు. మనకు ఆయన దాకా వెళ్ళవలసిన పని లేదు, పగటివేషగాళ్ళను చూసినవాళ్ళం. ఐరోపాలో పాప్లర్ చెట్ల మొదళ్ళు తొలిచే ఒక సెసియిడే చిమ్మటకు 1759లో స్వీడన్ దేశస్థుడు క్లెర్క్ తేనెటీగ ఆకారంది అని అర్థం వచ్చేలా అపిఫార్మిస్ అని పేరు పెట్టాడు. ఇంగ్లీషువాళ్ళు అదే పురుగును పెద్ద కందిరీగతో పోల్చి హార్నెట్ మాత్ అన్నారు. వేషం ఎవరిదన్న విషయంలో నామకర్తకూ జనానికీ పొత్తు కుదరలేదన్నమాట!

ఇక మూడోది, మన దక్షిణాదిలో గడ్డి మీదా పొదల మీదా నింపాదిగా తిరిగే అమాటా. నల్లని రెక్కల్లో అక్కడక్కడా కిటికీల్లాంటి గాజుమచ్చలుంటాయి. చేత్తో పట్టుకోగలిగినంత బద్ధకం దానిది. మన హైలస్‌కు దీనితో పోలికే లేదు గాని, గాజురెక్క అన్న ఒక్క మాట పట్టుకుని వెతికేవాళ్ళు ముందు దీని దగ్గరే ఆగిపోతారు. గాజురెక్క లేని మాక్రోగ్లాసమ్ రకాలు ఇంకో చిక్కు. అవీ గాలిలో నిలిచే తాగుతాయి. ముందురెక్క మట్టిరంగు, చాలావాటికి వెనకరెక్కలో నారింజ మెరుపు. మన పెరటి "హమ్మింగ్ బర్డ్"లలో ఇవీ తక్కువేమీ కావు.

రెక్క గాజులా మారే వైనం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది. చిమ్మటలనూ సీతాకోకచిలుకలనూ కలిపి లిన్నేయస్ 1758లో లెపిడోప్టెరా అన్నాడు, పొలుసురెక్కలవి అని. వేలికంటే ఆ పొడి పొలుసులే. హైలస్ కూడా ప్యూపా చీల్చుకుని వచ్చేటప్పుడు కులమర్యాద పాటించి, బూడిదరంగు పొలుసుల రెక్కలతోనే వస్తుంది. మొదటిసారి రెక్కలు ఝళిపించగానే ఆ పొలుసులన్నీ దుమ్ములా రాలిపోతాయి. మిగిలేది గాజుపొర, ఈనెలు, సన్నని ముదురు అంచు. ఏ లక్షణం వల్ల దాని వర్గానికి ఆ పేరు వచ్చిందో దాన్ని తొలి ఎగురుటలోనే దులిపేసుకునే ఇలాంటి ప్రాణిని చూసి "పేరుతో ఏం పని" అంటారా? పేరు వెంట వెళితేనే కదా ఈ కథ తెలిసింది!

ఇప్పుడు ఇంకొక పక్షం. ఫొటో పెట్టగానే పేరు చెప్పే సాధనాలు వచ్చాక ఈ పక్షానికి బలం పెరిగింది. "ఫోను చెప్పింది, సెఫొనోడిస్ హైలస్, ఇక చర్చ అనవసరం" అంటారు వీళ్ళు. ఆ సాధనాల మీద నాకు ద్వేషం లేదు, నేనూ వాడతాను. వాటి పని పోలిక చూపించడం. తీర్పు చెప్పవలసిన భారం చూసినవాడి మీదే ఉంటుంది. మన దేశంలో హైలస్‌కు దాయాది ఒకటుంది, 1777లో క్రేమర్ నామకరణం చేసిన సెఫొనోడిస్ పైకస్. రెండూ గాజురెక్కలవే. రెండు క్షణాలపాటు, అదీ రెక్క కనబడని వేగంతో ఆడుతుండగా, మసకగా తీసిన బొమ్మను పట్టుకుని ఇది హైలసే, పైకస్ కాదు అని ఒట్టుపెట్టడానికి ఏం ఆధారం ఉంది? అలాంటప్పుడు సెఫొనోడిస్ అని రాసి కలం దించాలి. ఇంటిపేరు తెలిసింది, అసలు పేరు తెలియలేదు. అందులో నామోషీ ఏముంది? వీడియోలో ఉన్నది చూసినంతవరకే చెప్పేవాడి మాట వందేళ్ళ తరువాత కూడా పనికివస్తుంది. చూడనిది కూడా కలిపి చెప్పేవాడి మాట ఇవాళే పనికిరాదు.

జీవించి ఉన్నదాన్ని చూడడంలో ఎంత విలువ ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 1887లో సుమత్రాలో పట్టిన ఒక నీలిరంగు సెసియిడే చిమ్మట వియన్నా మ్యూజియంలో సూదికి గుచ్చి ఉండేది. ప్రపంచం మొత్తానికి ఆ జాతికి ఆధారం ఆ ఒక్కటే, అదీ దెబ్బతిన్న నమూనా. 2013లో మలేషియా అడవిలో, నది ఒడ్డున మార్తా స్కోవ్రోన్ వోల్పోనీ అనే పోలండ్ శాస్త్రజ్ఞురాలు దాన్ని ప్రాణాలతో చూసింది. నీలిమెరుపుతో, కాళ్ళనిండా నూగుతో, తేనెటీగల మధ్య కూర్చుని తడిమట్టిలోని లవణాలు పీలుస్తోందది. సూదికి గుచ్చిన శవం నూటపాతికేళ్ళపాటు ఈ సంగతులేవీ ఎవరికీ చెప్పలేదు. అది తేనెటీగ వేషమని తెలియాలంటే పక్కన తేనెటీగ కూడా ఉండాలి కదా! మరో పక్క 2024లో ప్రకటించిన సంగతి: బ్రిటన్‌లోని వేల్సులో, పోర్ట్ టాల్బట్ ఊళ్ళో ఒక ఇంట్లో ఎగురుతూ కనబడిన గాజురెక్క చిమ్మట, దక్షిణ అమెరికా గయానానుంచి సామానుతోపాటు తెలియకుండా ప్రయాణం చేసిన కాయల్లోంచి వచ్చినదని తేలింది. ఫొటో చూసి నిపుణులు ఉలిక్కిపడ్డారు గాని పేరు మాత్రం ఫొటోతో తేలలేదు. లండన్ మ్యూజియంలో డీఎన్ఏ పరీక్ష జరిగాకనే అది లోకానికి కొత్తజాతి అని నిర్ధారించి కార్మెంటా బ్రాకిక్లాడోస్ అన్నారు. ఆ ఇంటివాళ్ళు "ఏదో పురుగు" అని చీపురుతో కొట్టి ఉంటే?

చీపురు అనగానే గుర్తొచ్చింది. పోయిన వానాకాలం మా వీధిలో జరిగిన ముచ్చట. "హమ్మింగ్ బర్డ్" వీడియో వీధివీధంతా పంచిన ఒక పెద్దాయన ఇంట్లో గార్డీనియా మొక్క ఉంది. ఆ తరువాత కొన్నాళ్ళకు దాని ఆకులు చిల్లులు పడ్డాయి. చూస్తే ఆకుపచ్చని గొంగళిపురుగులు, ఒక్కొక్కటి వేలెడు, తోకమీద ఒక కొమ్ముతో. తోటమాలి "కుడుతుందయ్యా, విషప్పురుగు" అన్నాడు. (కుట్టదు. ఆ కొమ్ము మెత్తనిది, ఉత్త బెదిరింపు.) నేను వెళ్ళేసరికి మందు చల్లడం కూడా పూర్తయింది. "మాష్టారూ, అవి మీ హమ్మింగ్ బర్డ్ పిల్లలేనండీ" అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "ఏమిటండీ మీరు, పక్షికి ఎక్కడైనా పురుగు పుడుతుందా?" అన్నారు.

ఆలోచించండి. ఆ ప్రశ్నలో తర్కదోషం ఏమీ లేదు. పక్షికి పురుగు పుట్టదు. దోషమంతా పేరులో ఉంది. తల్లిని పక్షి అన్నందువల్ల బిడ్డ అనాథ అయిపోయింది. తల్లిని చూసి మురిసిపోయి ఊరంతా చాటినవాడే, మరుసటి నెల బిడ్డల మీద విషం చల్లాడు. తాను చంపుతున్నది దాన్నేనని తెలిసే దారి ఆ తప్పుడు పేరు మూసేసింది. అందం ఆస్వాదిస్తే చాలు, పేరెందుకు అనేవారికి నా జవాబు ఆ మొక్క కింద రాలిపడి ఉంది.

పేరు కావాలి సరే, తెలుగు పేరేది? పారదర్శకపక్ష శలభము అని సంస్కృతంలో పోతపోసి ఇచ్చేవారు మనకు ఎప్పుడూ కొదవ లేరు. అలాంటి పేరు నిఘంటువులో పుట్టి నిఘంటువులోనే పోతుంది. జపాన్‌లో ఇదే హైలస్ ఇళ్ళ తోటల్లో గార్డీనియా మీద మామూలుగా కనబడుతుంది. వాళ్ళు ఓసుకాషిబా అంటారు. పెద్ద సుకాషిబా అన్నమాట. సుకాషిబా అంటే అవతలిది కనబడే రెక్క. ఎంత సుళువైన మాట! మనకు గాజురెక్క అంటే సరిపోదా? బలిసిన ఒళ్ళు, కొమ్ముపురుగు ఉన్నదాన్ని గాజురెక్క అందాం. కందిరీగ వేషం కట్టే సెసియిడే వాటిని పగటివేషాలు అందాం. ఇంతకంటే మంచి మాట ఎవరి ఊళ్ళోనైనా ఇప్పటికే వాడుకలో ఉంటే నా మాటలు వెంటనే వెనక్కు తీసుకుంటాను. శాస్త్రీయ నామం మాత్రం పక్కన ఉండనివ్వాలి, అది తెలుగుకు శత్రువేమీ కాదు.

అమెరికాలో ఉన్న మిత్రులకు చిక్కు ఇంకా జటిలం. వాళ్ళ పెరట్లో హమ్మింగ్ బర్డ్ నిజంగానే ఉంటుంది! దాని పక్కనే హెమారిస్ అనే గాజురెక్క చిమ్మట కూడా ఉంటుంది. తూర్పు రాష్ట్రాల్లో తరచు కనబడేవి రెండు. కాళ్ళు చూడండి. లేతరంగు, పసుపు కలిసిన తెలుపు అయితే థిస్బే. కాళ్ళు నల్లగా ఉండి, కంటిమీదుగా ఛాతీ పక్కకు ఒక నల్లని చార సాగితే డిఫినిస్. హైలస్‌కు లాగే వీటికీ మొదటిసారి ఎగిరేటప్పుడే పొలుసులు రాలిపోతాయి. అక్కడివాళ్ళు బొమ్మ తీసేటప్పుడు పూవుమీద కాకుండా కాళ్ళమీద గురిపెడితే సగం వివాదం తీరుతుంది.

మన దగ్గర గురిపెట్టవలసింది చెట్టు మీద. టి.ఆర్.డి. బెల్ అని కార్వార్ ప్రాంతంలో అటవీశాఖ అధికారిగా పనిచేసిన ఆయన, ఏళ్ళతరబడి గొంగళిపురుగులను పెంచి, ఏది ఏ ఆకు తింటుందో రాసుకున్నాడు. స్కాట్‌తో కలిసి ఆయన రాసిన హాక్ మాత్‌ల గ్రంథం 1937లో ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా సంపుటాల్లో ఒకటిగా వచ్చింది. ఎగిరేదాన్ని వెంటాడి ఓడిపోవడం కంటే, తినేదాన్ని కూర్చుని చూడడం మేలని ఆ గ్రంథం చూసినవాళ్ళెవరికైనా తెలుస్తుంది. హైలస్ గొంగళిపురుగు తినేది కాఫీ, గార్డీనియా, వాటి బంధువర్గంలోని చెట్ల ఆకులు. (అరకు కాఫీ రైతులు కంగారు పడనక్కర లేదు. కాఫీకి అసలు శత్రువులు కాండం తొలిచేదీ, కాయ తొలిచేదీ. ఇది ఆ లెక్కలోకి రాదు.) గార్డీనియా అనగానే నర్సరీలో కొన్న కుండీమొక్కే గుర్తుకు రానక్కరలేదు. మన గుట్టల మీద పెరిగే బిక్కి చెట్టు అడవి గార్డీనియానే. మొగ్గ కొసన పసుపురంగు జిగురు బొట్టు పెట్టుకుని, రాళ్ళ సందుల్లో వంకరటింకరగా ఉంటుంది. ఎర్రబిక్కి, తెల్లబిక్కి, పెద్దబిక్కి అని వేరుచేసి చెప్పగల పశువులకాపరులు ఇంకా ఉన్నారు. పురుగు పేరు రాకపోయినా చెట్టు పేరు తెలిసిన జాతి మనది. మనం రాయగలిగిన వాక్యం ఏ యంత్రమూ రాయలేదు.

కాబట్టి మిత్రులారా, ఈసారి వీడియోతోపాటు పూవు పేరు, గంట, నెల, ఊరు రాయండి. బిక్కి చెట్టు మీద కొమ్ము ఉన్న ఆకుపచ్చ పురుగును చూసినవాళ్ళు మీలో ఉంటే, ఏ గుట్టమీద, ఏ నెలలో, ఏ రకం బిక్కి మీదనో ఈ టపా కింద చెప్పండి. దాని పేరు మీకు తెలియకపోయినా పరవాలేదు.